పిన్ని కొన్న కౌంటరు

మొన్న ఆదివారం ఇక్కడ ఆక్లాండ్ శివారు హెండర్సన్‌లో మా అమ్మాయి చదివే బడి ఆవరణలో పాత సామాన్ల సంత పెట్టారు. కార్ల వెనక తలుపులెత్తి, నేల మీద దుప్పట్లు పరిచి, ఇంట్లో ఎవరికీ అక్కర్లేనివన్నీ అమ్ముకునే సంత. వాన పడుతూ ఆగుతూ ఉంది. ఇక్కడ గొడుగు వేసుకున్నవాళ్ళని చూసి నిన్నో మొన్నో దిగారని పోల్చుకుంటారు కనుక, నేను తడుస్తూనే తిరుగుతున్నాను. ఒక ముసలాయన టార్పాలిన్ కింద రేడియో సామాను పరుచుకుని కూర్చున్నాడు. వైర్ల చుట్టలు, నాబులు, డయల్ పగిలిన రిసీవర్ ఒకటి, వాటి మధ్య అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు, దాని మీద వరసగా వెలుగుతున్న ఎర్ర అంకెలు. మా అమ్మాయి వంగి చూసి, "వాట్స్ దట్, మమ్మీ?" అంది. ఆయన నోరు తెరిచేలోపు "ఫ్రీక్వెన్సీ కౌంటర్" అని నేనే చెప్పాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని నన్ను ఎగాదిగా చూశాడు. స్వంత రేడియో కట్టుకుని ఇంట్లోంచే లోకంతో మాట్లాడుకునే సరదా ఉన్నవాళ్ళని హామ్‌లంటారు. "మీరు హామా?" అనడిగాడు. కాదన్నాను. మా పిన్ని అవబోయింది, కానివ్వలేదు అని చెప్పబోయి, ముక్కూ మొహం తెలియని మనిషికి అదంతా దేనికని ఊరుకున్నాను. అక్కడ మింగిన మాట ఇంటికొచ్చాక కూడా గొంతులోనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. చీరాల బస్టాండు పక్కన మా తాతయ్యకి రేడియో రిపేరు షాపు ఉండేది. మా అమ్మకి ఆ షాపంటే చిరాకు. పిన్ని మాత్రం బడి వదలగానే అక్కడికే వెళ్ళి బల్ల కింద కూర్చుని, తాతయ్య పారేసిన ముక్కలు ఏరుకునేదట. సీసం కరిగించి తీగలు అతికే సోల్డరింగ్ పొగ వాసన వస్తే ఆమెకి ఆకలేసేదని అమ్మ వేళాకోళం చేసేది. తర్వాత చాలామంది ఆడపిల్లల్లాగే నర్సింగ్ చదివింది. గుంటూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో హెడ్ నర్సుదాకా వెళ్ళింది. బాబాయి పోయాక, పిల్లలు కూడా లేరు కనుక, చర్చివాళ్ళు ఎవరో దారి చెబితే న్యూజిలాండ్ వచ్చింది. ఇక్కడ నర్సుగా రిజిస్టర్ అయ్యేదాకా వృద్ధుల హోమ్‌లో కేర్‌గివర్ పని. ఒకప్పుడు డాక్టర్లు సైతం సలహా అడిగిన మనిషి, ఇక్కడ పక్కలు మార్చి, స్నానాలు చేయించి, టీలో ఎవరికి ఎంత చక్కెరో గుర్తుపెట్టుకునేది. దానికి ఆమె ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. "ముసలివాళ్ళ ఒళ్ళు అక్కడైనా ఇక్కడైనా ఒకటేనే" అనేది. నేను చదువుకోవడానికి ఆక్లాండ్ వచ్చి ఆమె దగ్గరే ఉన్నాను. హెండర్సన్‌లో ఒక డెయిరీ వెనక ఉండే చిన్న ఫ్లాట్ అది. డెయిరీ అంటే పాలకేంద్రం అనుకునేరు. ఇక్కడ సందుచివరి కిరాణా కొట్టుని అలాగే అంటారు. ఆ ఫ్లాట్ గోడలకి చలికాలమంతా చెమ్మ. బట్టలు లోపల ఆరేస్తే బూజు, బయట ఆరేస్తే వాన. అయినా ఆ ఇంట్లో గడిపిన మొదటి రెండు చలికాలాలూ నాకు వెచ్చగానే గుర్తున్నాయి.

హోమ్‌లో పిన్ని చూసుకునేవాళ్ళలో ఒక పెద్దాయన ఉండేవాడు. వయసులో ఓడల మీద రేడియో ఆపరేటర్‌గా పనిచేశాడు. భార్య పోయింది. కూతురు ఊరికి అవతలి కొసన, నార్త్ షోర్‌లో ఉండేది. శనివారాలు వస్తానని చెప్పి కొన్ని శనివారాలు వచ్చేది. ఆయన గది కిటికీలోంచి ఒక తీగ బయటి ఫీజోవా పళ్ళచెట్టు దాకా వెళ్ళేది. ఆ తీగే ఆయనకి లోకం. పిన్ని ఒకరోజు మందులు ఇవ్వడానికి వెళ్తే గదిలో సోల్డరింగ్ వాసన. గదిలో వేడి సామాను వాడకూడదని రూలు. ఆయన దొంగతనంగా చేతిలోని బోర్డుని దుప్పటి కింద దాచబోయాడు. పిన్ని దుప్పటి తీసి, బోర్డు వెలుగులోకి పట్టి చూసి, "ఇది డ్రై సోల్డర్, అతుకు పట్టలేదు, మళ్ళీ వేడి చేయాలి" అందట. ఆ ముక్కతో వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. తర్వాత పిన్నే మేనేజర్ దగ్గరికి వెళ్ళి, తను ఎదురుగా ఉన్నప్పుడు మాత్రమే, కాలక్షేపానికిచ్చిన యాక్టివిటీస్ గదిలో మాత్రమే అని ఒప్పించి, ఆయనకి సోల్డరింగ్ అనుమతి సంపాదించింది. ఇంట్లో ఆయన్ని "మా తాతగారు" అనేది. తన కన్నతండ్రి అయిన మా తాతయ్య గురించి చెప్పినంతగా ఆయన గురించీ చెప్పేది.

ఆ తాతగారికి దక్షిణాన ఇన్వర్‌కార్గిల్‌లో పాత ఓడ స్నేహితుడొకడు ఉన్నాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ ఏడు మెగాహెర్ట్జ్ పైన ఒక చోట కలుసుకుని, చుక్కలూ గీతల భాషలో మోర్స్ కొట్టుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు. పెద్ద కబుర్లేం కాదు. వాతావరణం, మోకాళ్ళు, ఈవారం ఎవరు పోయారు, అంతే. కాని పెద్దాయనకి చూపు మందగించింది. తను కట్టుకున్న చిన్న ట్రాన్స్‌మిటర్ ఎక్కడ పలుకుతోందో డయల్ మీద గీతలు కనిపించడం లేదు. అవతలివాడు ఒకచోట వెతుకుతుంటే ఈయన ఇంకోచోట పిలుస్తూ కూర్చునేవాడు. వరసగా కొన్ని ఆదివారాలు అలా పోయాయి. అన్నం సరిగా తినడం లేదని పిన్ని కనిపెట్టింది. కారణం తెలిశాక, ఏ ఫ్రీక్వెన్సీ మీద పలుకుతోందో కొలిచి, పెద్ద అంకెల్లో ఎర్రగా చూపే కౌంటర్ ఒకటి ఉంటే ఆయన చూడగలడు కదా అని ఆమెకి తట్టింది. చైనా నుంచి విడిభాగాలుగా వచ్చే చౌక కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో చూసి, తన కార్డుతో తెప్పించింది. రెండు బర్గర్లకయ్యే ఖర్చు. దాంతో ఇంత గొడవ మొదలవుతుందని అప్పుడెవరికి తెలుసు.

కిట్ వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. గోంగూర పప్పు పొయ్యి మీద పెట్టి పిన్ని కవరు చింపింది. లోపల చింతగింజలంత ముక్కలు, ఒక కాగితం. ఆ కాగితం మీది ఇంగ్లీషు చదివి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. "విద్యుత్తును ప్రేమగా ఇవ్వండి" అన్న అర్థం వచ్చే వాక్యమొకటి ఉంది. పప్పు మాడింది. పిన్ని తన సెలవురోజుల్లో హోమ్‌కి వెళ్ళి, ఆయన చెబుతుంటే ఒక్కొక్క ముక్కా అతికించింది. ఆయన చేతులు వణికేవి, పిన్ని చేతులకి అలవాటు తప్పింది. ఇద్దరి చేతులూ కలిసి ఒక మంచి మెకానిక్ అయ్యాయి. బోర్డు పెట్టుకోవడానికి ఆయన తన పాత పొగాకు డబ్బా ఇచ్చాడు. మూతకి కిటికీలా కోసి అంకెలు కనిపించేలా అమర్చారు. ఆయనకొక అలవాటుంది. తన చేతిమీదుగా తయారైన ప్రతిదాని అడుగునా గోరుతో గీసినట్టు తన కాల్‌సైన్, అంటే హామ్‌లకు ప్రభుత్వం ఇచ్చే పిలుపు అక్షరాలు, చెక్కేవాడు. దీని మీదా చెక్కాడు. పిన్ని మురిసిపోయింది. తాతయ్య కూడా రిపేరు చేసిన ప్రతి రేడియో లోపల తన పేరు రాసేవాడట.

చౌక సామానుకి చౌక గుణాలు ఉంటాయి. పెట్టగానే ఒక అంకె చూపి, వేడెక్కే కొద్దీ ఇంకో అంకెకి జారేది. "మా అత్తగారి మాటలా ఉంది, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి" అనేది పిన్ని. దానికి విరుగుడు పెద్దాయనే నేర్పాడు. ముందు కాసేపు వెలగనివ్వాలి. హవాయి దీవుల నుంచి టిక్కు టిక్కుమంటూ సమయం చెప్పే స్టేషన్ ఒకటుంది. అది సరిగ్గా పది మెగాహెర్ట్జ్ మీద పలుకుతుంది. రిసీవర్‌లో దాన్ని పట్టి, తమ సర్క్యూట్ కూతని దానికి దగ్గరగా తెచ్చి, రెండూ ఒకటై కూత మాయమైనప్పుడు కౌంటర్ పది చూపించాలి. చూపకపోతే పక్కనున్న చిన్న స్క్రూని వెంట్రుకవాసి తిప్పాలి. కౌంటర్ తీగని సర్క్యూట్‌కి మరీ గట్టిగా తగిలిస్తే ఆ సర్క్యూటే తడబడి అంకె మారిపోతుంది. తగిలీ తగలనట్టు ఉంచాలి. ఏ తీగా తగిలించకపోతే గాల్లోంచి ఏదో పోగుచేసుకుని పిచ్చి అంకెలు చూపించేది. ఇవన్నీ పిన్ని ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద నాకు పాఠం చెప్పేది. వినగా వినగా నాకూ పట్టుబడింది. లేకపోతే మొన్న సంతలో ఆ మాట అంత తొందరగా నా నోటికెలా వస్తుంది?

కౌంటర్ పనిచేసిన మొదటి ఆదివారం నేనూ వెళ్ళాను. పెద్దాయన ముఖం ఎర్ర అంకెలకి ఆనించినంత దగ్గరగా పెట్టి, నాబు తిప్పి, తాము కలుసుకునే అంకె దగ్గర ఆపాడు. పిలిచాడు. కొంతసేపు బరబరమన్న హోరు. తర్వాత సన్నగా, పిచ్చుక కూసినట్టు, జవాబు. ఆయన వింటూ కాగితం మీద రాస్తున్నాడు. కళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. తర్వాత ఆయన నవ్వుతుంటే, పక్కన పిన్ని ఆ డబ్బా పట్టుకుని ఉండగా, యాక్టివిటీస్ చూసే అమ్మాయి ఫోటో తీసి నోటీసు బోర్డు మీద పెట్టింది. ఆ రోజు నుంచి పిన్ని తను కూడా హామ్ పరీక్ష రాస్తానని కూర్చుంది. ఆయనే ప్రశ్నలడిగేవాడు. "నీ కౌంటర్ నీ దగ్గరే ఉంచుకుని సాధన చెయ్యి డియర్, ఆదివారం తీసుకొస్తే చాలు" అని పంపించేవాడు. అలా అది వారమంతా మా వంటింటి బల్ల మీద ఉండేది. పిన్ని దాని ఫోటో తీసి, "మా నాన్న చూస్తే ఎంత సంతోషపడేవాడో" అని రాసి చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందరూ దండాలూ చప్పట్లూ పెట్టారు.

ఆ గ్రూపులోనే ఒక ఆంటీ ఉండేది. మా చర్చే, మా వైపు మనిషే, తనూ అక్కడ నర్సింగ్ చదివిందే. ఆమె భర్తకి పని పోయి, ఇద్దరు పిల్లలతో అవస్థ పడుతుంటే పిన్నే మేనేజర్‌తో మాట్లాడి అదే హోమ్‌లో ఉద్యోగం వేయించింది. మొదటి నెలంతా పిన్ని వెంట తిరిగి పని నేర్చుకుంది. మా ఇంటికొస్తే చొరవగా గిన్నెల మూతలు తీసి చూసేంత చనువు.

జూలైలో, పిన్ని సెలవులో ఉన్న రోజున, పెద్దాయన పోయాడు. నిద్రలోనే. పిన్ని వెళ్ళి దూరంగా నిలబడి ప్రార్థన చేసి వచ్చింది. గదిలోంచి ఒక పిన్నీసు కూడా తెచ్చుకోలేదు. రెండు రోజుల తర్వాత కూతురు గది ఖాళీ చేయడానికి వచ్చింది. ఆ రోజు డ్యూటీలో ఉన్నది ఆంటీ. నోటీసు బోర్డు మీది ఫోటో చూసి, నాన్న ముందున్న ఆ ఎర్ర అంకెల యంత్రం ఏదని కూతురు అడిగింది. ఆంటీ ఫోన్ తీసి, గ్రూపులోని ఫోటో చూపించింది. మా వంటింటి బల్ల, మా ఉప్పుడబ్బా, పక్కన ఆ కౌంటర్. కూతురు ఆ ఫోన్‌తోనే మేనేజర్ గదికి వెళ్ళింది.

ఆయన వస్తువు ఇంటికి పట్టుకెళ్ళిందని పిన్నిని మీటింగుకి పిలిచినప్పుడు, తోడుగా ఒక మనిషిని తెచ్చుకోవచ్చన్నారు. నేను వెళ్ళాను. పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుంది. కౌంటర్‌ని శుభ్రమైన తువ్వాలులో చుట్టి తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. మేనేజర్ మంచిగా మాట్లాడే మనిషే. టీ కావాలా అని కూడా అడిగింది. తర్వాత డబ్బా తిరగేసి, అడుగున గీసిన అక్షరాలు చూపించి, "ఇది ఆయన కాల్‌సైనేనా?" అంది.

"ఆయనదే. కాని లోపలిదంతా నాది. నేను తెప్పించాను" అని పిన్ని ఫోన్‌లో ఆర్డర్ చూపించింది.

మేనేజర్ చదివింది. "డబ్బా?"

"డబ్బా ఆయనిచ్చారు."

"అంటే రెసిడెంట్ దగ్గర నుంచి వస్తువు తీసుకున్నారు. మన పాలసీ మీకు తెలుసు."

"మేడమ్, అది పొగాకు డబ్బా" అన్నాను నేను ఉండబట్టలేక.

"వస్తువు విలువ కాదు ఇక్కడ విషయం" అంది ఆమె, నొచ్చుకున్నట్టు. "నమ్మకం విషయం."

నేను లోపలికి వెళ్ళేటప్పుడు ఆరోపణ దొంగతనం. అది నిలబడదని తేలాక, ఏ మాత్రం తడుముకోకుండా, బహుమతి పుచ్చుకోవడం అయింది. తప్పు పేరు మారింది గాని శిక్ష మారలేదు. సోల్డరింగ్‌కి అనుమతి ఇచ్చింది మీరే కదా, ఫోటో మీ బోర్డు మీదే ఉంది కదా అని పిన్ని అంది. అది వేరే సంగతి అన్నారు. ఇన్వర్‌కార్గిల్ స్నేహితుడిని అడగండి, ఈ యంత్రం నాదని తాతగారు ఆయనతో ఎన్నోసార్లు చెప్పారు అంది. కుటుంబాన్ని ఇంకా బాధపెట్టడం ఇష్టం లేదన్నారు. తనంతట తను రాజీనామా చేస్తే రికార్డులో ఏమీ రాయబోమన్నారు. పిన్ని రాజీనామా చేసింది. కౌంటర్ కుటుంబానికి అప్పగించాలని బల్ల మీదే ఉంచేసుకున్నారు. తువ్వాలు మాత్రం మడిచి తిరిగి ఇచ్చారు.

రికార్డులో నిజంగానే ఏమీ రాయలేదు. అదే దెబ్బ కొట్టింది. నర్సు రిజిస్ట్రేషన్‌కి పిన్ని నడవడిక మంచిదని పాత యజమాని చెప్పాలి. వాళ్ళు చెప్పడానికి ఒప్పుకోలేదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేసిందో అంతవరకే ధ్రువీకరిస్తామన్నారు. ఆ మౌనానికి అర్థం ఎవరికి తెలియదు? ఫైలు అక్కడే ఆగింది. వీసా ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడుతోంది కనుక, దొరికిన మొదటి పనికి ఒప్పుకుంది. ఆక్లాండ్‌కి గంటన్నర దూరాన, హామిల్టన్ అవతల కోళ్ళ ఫారంలో గుడ్లు ఏరి అట్టల్లో సర్దే పని. హామ్ పరీక్ష పుస్తకాన్ని లైబ్రరీకి తిరిగిచ్చేసింది. సోల్డరింగ్ ఐరన్ ఎవరికిచ్చిందో నాకు చెప్పలేదు.

ఫ్లాట్ ఖాళీ చేస్తున్న వారంలో ఆంటీ వచ్చింది. చేతిలో బిర్యానీ డబ్బా. "నన్నేం చేయమంటావక్కా, ఆమె అడిగింది. నేను అబద్ధం చెప్పలేను కదా. దేవుడి బిడ్డలం" అంది.

"పిన్నే కొన్నదని మీకు తెలుసు కదా ఆంటీ. అదీ నిజమేగా" అన్నాను.

"వాళ్ళు అది అడగలేదమ్మా" అంది ఆంటీ.

ఆ మాటని నేను చాలా ఏళ్ళు అటూ ఇటూ తిప్పి చూశాను. ఎటు తిప్పినా దాని మీద మచ్చ కనిపించదు. అంత శుభ్రమైన మాట. పోతూ పోతూ ఇంకో సంగతి కూడా చెప్పింది, మా మీద జాలితోనే. కూతురు ఆ రేడియో సామానంతా ఎవరికి కావాలని స్కిప్‌లో, అంటే వీధిలో పెట్టే పెద్ద చెత్తతొట్టిలో, వేయించిందట. రిసీవర్, తీగలు, ఆ పొగాకు డబ్బా కూడా. పిన్ని అప్పుడు గిన్నెలు పాత పేపర్లలో చుడుతోంది. చేయి ఆగలేదు. "బిర్యానీ చల్లారిపోతుంది, కూర్చో చెల్లీ" అంది.

ఆమె వెళ్ళాక నేను అరిచాను. ఎందుకు కూర్చోబెట్టావన్నాను. "ఇద్దరు పిల్లలే దానికి. ఎదురు మాట్లాడితే తన ఉద్యోగం కూడా పోతుందని భయపడింది" అంది పిన్ని. మరి నీకు భయం లేదా, నీ బతుకు బతుకు కాదా అన్నాను. ఆమె చుట్టడానికి ఇంకో గిన్నె తీసుకుంది.

ఆ తర్వాత ఏడాదిన్నరకి, నేను మారిన ఇంటి లెటర్‌బాక్సులో ఒక రంగుల కరపత్రం పడింది. ఆ హోమ్ కొత్త విభాగం కట్టిందట. మొదటి పేజీలో, నవ్వుతున్న పెద్దాయన, ఎర్ర అంకెల వెలుగు, డబ్బా పట్టుకున్న రెండు గోధుమరంగు చేతులు. మా వాళ్ళ ఆసక్తులే మా ఆసక్తులు అన్న అర్థంలో ఇంగ్లీషులో ఒక వాక్యం. పిన్ని ముఖం ఫోటో అంచుకి తెగిపోయింది. ఎడమచేతి వేలికున్న బాబాయి ఉంగరం చూసి గుర్తుపట్టాను. నేను దాన్ని పిన్నికి చూపించలేదు. హామిల్టన్‌లో కూడా పంచారని, ఆమె అప్పటికే చూసిందని తర్వాతెప్పుడో తెలిసింది. "చేతులు బాగా పడ్డాయి" అంది, అంతే.

ఇప్పుడు పిన్నికి మోకాళ్ళు అరిగాయి. కోళ్ళ ఫారంలోనే సూపర్‌వైజర్ అయింది. నర్సు సంగతి ఎత్తదు. ఆంటీ మాత్రం అదే హోమ్‌లో ఉంటూ, ఆ మేనేజర్ ఇచ్చిన మంచి మాటతోనే నర్సుగా రిజిస్టర్ అయింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. పోయినేడు ఆక్లాండ్ దక్షిణపు కొసన టకానినిలో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశ ప్రార్థనకి అందరినీ పిలిచింది. నేను రానన్నాను. పిన్ని హామిల్టన్ నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చి, నన్ను కూడా ఎక్కించుకుని తీసుకెళ్ళింది. కొత్త పెయింటు వాసన, వరసగా ఒకేలాంటి ఇళ్ళు, వెనక మోటర్‌వే హోరు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక పిన్ని కొంగు బిగించి వడ్డనకి దిగింది. ఆంటీ కొత్త పట్టుచీరలో అందరికీ ఇల్లు చూపిస్తూ, మా దగ్గరికొచ్చి పిన్ని భుజం చుట్టూ చేయి వేసి, పక్కనున్నవాళ్ళతో, "మొదట్లో నాకు పని నేర్పింది ఈ అక్కే. ఎందుకో మరి, మంచి ఉద్యోగం మధ్యలో వదిలేసి హామిల్టన్ వెళ్ళిపోయింది. ఉండి ఉంటే ఈపాటికి నర్సయ్యేది" అంది. నేను ఆమె ముఖంలోకి చూశాను. నటన ఏమైనా ఉందేమోనని చూశాను. లేదు. ఆమె నిజంగానే మర్చిపోయింది. "ఏదో, అప్పుడలా అయింది" అని పిన్ని ఆమె పళ్ళెంలో ఇంకో గరిటెడు కూర వేసింది.

తిరిగొచ్చేటప్పుడూ పిన్నే కారు నడిపింది. కాలం ఎంతటిదాన్నయినా మరిపిస్తుందని మనవాళ్ళు అంటూంటారు. మరిపించడం నేనూ చూశాను. కాకపోతే ఆ మరుపంతా చేసినవాళ్ళ వాటాకే పోయి, పడ్డవాళ్ళ దగ్గర ఏళ్ళు మాత్రం మిగిలాయి.